తమ్ముడి మాత్రలు ఆపకండి, రేపు పొద్దున్నే షుగర్ మాత్రం చూపించండి

ప్రశ్న: డాక్టరు గారూ, మా తమ్ముడికి 31 ఏళ్లు. ఆరేళ్ల కిందట స్కిజోఫ్రీనియా అన్నారు. అప్పట్లో ఎవరో తన మీద నిఘా పెట్టారని, టీవీలో తన గురించే మాట్లాడుకుంటున్నారని గదిలోంచి బయటికి వచ్చేవాడు కాదు. మొదట వేరే మందు ఇచ్చారు, చేతులు బిగుసుకుపోయి వణుకు వస్తే ట్రైహెక్సీఫెనిడిల్ కలిపారు. తర్వాత ఒలాంజపిన్‌కి మార్చారు, ఇప్పుడు రాత్రికి 15 మిల్లీగ్రాములు, ఆ వణుకు మాత్ర కూడా వేస్తూనే ఉన్నాం. అనుమానాలు చాలావరకు పోయాయి, మనిషి మనిషిలా మాట్లాడుతున్నాడు. కానీ 62 కిలోలు ఉండేవాడు 91కి వచ్చాడు. ఈ రెండు నెలల్లో మళ్లీ 86కి దిగాడు, ఒళ్లు తగ్గిందని అమ్మ సంతోషపడింది. దాహం బాగా ఎక్కువైంది, రాత్రి నాలుగైదుసార్లు లేస్తాడు. బాత్రూంలో చీమలు పడుతున్నాయి అని అమ్మ ఫోన్లో విసుక్కుంది. అరికాళ్లు మంటలు అంటే మా ఊరి డాక్టరు "ఆ జబ్బు ఉన్నవాళ్లు ఏదో ఒకటి అంటూనే ఉంటారమ్మా" అని బీ కాంప్లెక్స్ రాశాడట. రోజుకి రెండు కట్టల బీడీలు తాగుతాడు. ఈ నిద్రమాత్రలే వాణ్ణి పాడుచేశాయి, ఆపేద్దాం అని అమ్మ పట్టుబట్టింది. వాళ్లిద్దరూ తణుకు దగ్గర పల్లెలో, నేను హైదరాబాద్‌లో. మాత్రలు ఆపొచ్చా?

సమాధానం:

అమ్మా, మీరు అడిగింది మాత్రల గురించి. నేను మాత్రం చీమల దగ్గరే ఆగిపోయాను. దాహం, రాత్రిపూట పదేపదే ఒంటికి వెళ్లడం, ఏ ప్రయత్నమూ లేకుండా ఐదు కిలోలు తగ్గడం, అరికాళ్ల మంటలు, బాత్రూంలో చీమలు. ఇవి ఒకచోట రాసిపెడితే మా పాత కాంపౌండరు కూడా షుగర్ చూపించుకోమనేవాడు. ఒళ్లు తగ్గిందని సంతోషపడాల్సిన తగ్గుదల కాదిది, తిన్న చక్కెర ఒంటికి పట్టకుండా మూత్రంలో పోతోందేమో అని అనుమానించాల్సిన తగ్గుదల.

కాబట్టి మిగతా ఉత్తరం తీరిగ్గా చదవండి, ముందు అమ్మగారికి ఫోన్ చెయ్యండి. రేపు పొద్దున పరగడుపున ఊళ్లో ఏ చిన్న ల్యాబ్‌లోనైనా సరే, పీహెచ్‌సీలో అయినా సరే, రక్తంలో షుగర్ చూపించాలి. పరగడుపున 126 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ ఉన్నట్టే లెక్క. ఒకవేళ పొద్దున్నే తీసుకెళ్లడం కుదరక ఏదో ఒకటి తిన్నాక చూపించినా, ఇన్ని లక్షణాలు ఉన్న మనిషికి 200 దాటితే ఇంక అనుమానం అక్కర్లేదు. హెచ్‌బీఏ1సీ కూడా చేయిస్తే గత రెండు మూడు నెలల సంగతి తెలుస్తుంది, అందులో 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ ఉన్నట్టే. ఈలోపు వాంతులు మొదలైనా, కడుపునొప్పి వచ్చినా, ఊపిరి లోతుగా ఆయాసంగా తీస్తున్నా, మగతగా పడి ఉన్నా, నోట్లోంచి మగ్గిన పండు లాంటి వాసన వచ్చినా రేపటిదాకా కూడా ఆగొద్దు, ఆటో ఎక్కించి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లమనండి, లేదా 108కి ఫోన్ చెయ్యమనండి. ఒలాంజపిన్ గానీ, దాని కోవదే అయిన క్లోజపిన్ గానీ వాడేవాళ్లలో అప్పుడప్పుడూ షుగర్ ఉందన్న సంగతే ఇలాంటి ప్రమాదంతో బయటపడుతుంది. అప్పుడు అతని మగతని చూసి "మాత్రల మత్తులే" అనుకుని దుప్పటి కప్పి వదిలేస్తారు ఇంట్లో. నాకు భయం అక్కడే.

ఇప్పుడు మాత్రలు. ఆపకండి. సగం చెయ్యకండి. రోజు మార్చి రోజు వెయ్యకండి. ఆ మార్పు చెయ్యాల్సింది రాసిన డాక్టరే.

అలాగని మీ అమ్మగారిది చాదస్తం అనకండి. ఆవిడ కళ్లముందు 29 కిలోలు పెరిగాడు కొడుకు, ఆ పెరుగుదలలో ఒలాంజపిన్ పాత్ర పెద్దదే. ఈ రకం మందుల్లో ఒంటిని ఎక్కువగా పెంచేవి ఏవంటే మేం ముందు చెప్పే రెండు పేర్లు క్లోజపిన్, ఒలాంజపిన్. ఆకలి తీరిందని మెదడుకి కబురు వెళ్లే దారిలో అవి అడ్డుపడతాయి, అందుకే అన్నం తిని చెయ్యి కడుక్కున్న అరగంటకి మళ్లీ బిస్కెట్ల డబ్బా దగ్గర నిలబడతాడు. దాన్ని మనం తిండిపోతుతనం అంటాం. పాపం, అతనికి నిజంగానే ఆకలి వేస్తోంది. రిస్పెరిడోన్, క్వెటియపిన్ మధ్యస్థంగా పెంచుతాయి. అరిపిప్రజోల్, లురాసిడోన్, జిప్రసిడోన్ లాంటివి తక్కువ.

కానీ నేరమంతా మందుది కాదు. ఈ మందులేవీ పుట్టకముందే, 1879లోనే, హెన్రీ మాడ్స్‌లీ అనే బ్రిటిష్ వైద్యుడు పిచ్చి ఉన్న కుటుంబాల్లో మధుమేహం కూడా తరచుగా కనిపిస్తోందని రాశాడు. పిచ్చి అన్నది ఆయన కాలం మాట, మన్నించండి. జబ్బుకీ షుగర్‌కీ లోలోపల ఏదో చుట్టరికం ఉంది, దానికి మందు తోడయ్యింది, దానికి బీడీలు, గదిలో పడుకుని ఉండే జీవితం, మూడు పూటలా తెల్లన్నం, నాలుగైదు సార్లు చక్కెర టీ తోడయ్యాయి. అదీగాక మనవాళ్లకి, అంటే దక్షిణాసియా వాళ్లకి, పొట్ట కాస్త ముందుకొస్తే చాలు షుగర్ ముప్పు పెరుగుతుంది. తెల్లవాళ్లలా వంద కిలోలు దాటక్కర్లేదు.

మందు ఆపితే ఏమవుతుంది అన్నదానికి ఫిన్లాండ్ వాళ్ల దగ్గర మంచి సమాధానం ఉంది. అరవై వేలకు పైగా స్కిజోఫ్రీనియా రోగుల వివరాలు పదకొండేళ్లపాటు చూసి 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. అందరూ ఏం అనుకుంటారు, ఇంత ఒళ్లు పెంచే మందులు కదా, వాడినవాళ్లే ముందు పోయి ఉంటారని. తీరా చూస్తే ఈ మందులు అసలు వాడని వాళ్లలోనే మరణాలు ఎక్కువ. అన్నిటికంటే తక్కువ మరణాలు క్లోజపిన్ వాడినవాళ్లలో! ఒళ్లు పెంచడంలో ముందుండే క్లోజపినే. కారణం ఊహించొచ్చు. జబ్బు తిరగబెట్టిన మనిషి తిండి తినడు, నిద్రపోడు, రోడ్డున పడతాడు, ప్రాణం తీసుకునే ప్రమాదం ఉంటుంది, బీపీ మాత్ర వేసుకోమంటే విషం పెడుతున్నారంటాడు. ఒంటిని కాపాడుకోవాలన్నా ముందు మనసు నిలకడగా ఉండాలి. అందుకని అమ్మగారికి "నీ బాధ నిజమే, మందు మార్చడం గురించి డాక్టర్ని అడుగుదాం, ఆపడం మాత్రం వద్దు" అని చెప్పండి. ఆవిడ మాట కొట్టిపారేస్తే మీరు హైదరాబాద్ బస్సు ఎక్కగానే ఆ మాత్రలు చెత్తబుట్టలోకి వెళ్తాయి. ఇలాంటివి చూశాను.

ఇంతకీ నేను మానసిక వైద్యుణ్ణి కాదు, జనరల్ ఫిజీషియన్ని. అంటే మీ ఊరి డాక్టర్ కోవకి చెందినవాణ్ణి. అందుకే ఆయన అన్న మాట విని నాకు కోపం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను.

హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులు. రాత్రి డ్యూటీలో ఒకాయన్ని తీసుకొచ్చారు, నలభై ఏళ్లుంటాయి, పాత కేసు షీట్ మీద స్కిజోఫ్రీనియా అని ఉంది. కడుపులో పాము తిరుగుతోంది అంటున్నాడు. మేం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం, నవ్వాం కూడా. పొట్ట మీద చెయ్యి పెట్టి సరిగ్గా నొక్కి చూడకుండానే నిద్ర ఇంజెక్షన్ ఇచ్చి, పొద్దున్నే సైకియాట్రీ ఓపీకి చూపించమని రాశాం. మర్నాడు సాయంత్రానికి జ్వరం, పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. అపెండిక్స్ పగిలింది. ఆపరేషన్ చేశారు, బతికాడు. ఆయన పాము అన్నది ఆ నొప్పినే. నొప్పి చెప్పుకోవడానికి ఆయనకి దొరికిన మాట అది, అంతే. ఇంకో సంగతి, ఈ జబ్బు ఉన్న కొందరికి నొప్పి మామూలువాళ్లంత గట్టిగా తెలియదు కూడా. కాబట్టి వాళ్లు నొప్పి అన్నారంటే మనం రెండింతలు జాగ్రత్తగా వినాలి, కానీ జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. కేసు షీట్ మీద ఆ ఒక్క పేరు చూడగానే ఒంటి డాక్టరు ఇది మనసు సంగతి అంటాడు, మనసు డాక్టరు దగ్గర వరసలో ఎనభై మంది ఉంటారు కాబట్టి నిద్ర పడుతోందా, మాటలు వినిపిస్తున్నాయా అని రెండు ప్రశ్నలడిగి చీటీ మళ్లీ రాసిస్తాడు. ఇద్దరూ చెడ్డవాళ్లు కాదు. మధ్యలో ఆ పొట్ట, ఆ గుండె, ఆ కిడ్నీలు ఎవరి ఖాతాలోనూ లేకుండా మిగిలిపోతాయి.

స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు ముందుగా చనిపోయే అవకాశం మామూలు జనం కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలా దేశాల్లో ఆయుష్షులో తేడా పదిహేను, ఇరవై ఏళ్ల దాకా కూడా ఉంటోంది. ఆత్మహత్యలే కారణం అనుకుంటారు అందరూ. అవీ ఉన్నాయి, కానీ ఎక్కువమందిని తీసుకెళ్లేది గుండెజబ్బు, షుగర్, ఊపిరితిత్తుల జబ్బులు, అంటువ్యాధులు. పక్కింటాయనకి వస్తే మందులతో అదుపులో పెట్టే జబ్బులే ఇవన్నీ.

అందుకని ఒక పని మీరే నెత్తిన వేసుకోండి. ఒక చిన్న నోట్‌బుక్ కొని తమ్ముడి పేరు రాయండి, దర్జీ టేపు ఒకటి కొనండి. అమెరికాలో మధుమేహ సంఘం, సైకియాట్రీ సంఘం కలిసి ఈ మందులు వాడేవాళ్లకి ఏమేం చూడాలో 2004లోనే రాసిపెట్టాయి, ఇరవై ఏళ్లు దాటింది, మన దగ్గర చాలా చోట్ల ఇంకా బరువు చూసే మిషన్ మీద బట్టలు ఆరేసి ఉంటాయి. మందు మొదలుపెట్టే ముందు, లేదా మార్చే ముందు, బరువు, నడుం చుట్టుకొలత, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చూడాలి. బరువు నాలుగు, ఎనిమిది, పన్నెండో వారాల్లో చూసి, తర్వాత మూడు నెలలకోసారి. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మూడు నెలలప్పుడు ఒకసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి (కొలెస్ట్రాల్ అప్పట్లో ఐదేళ్లకోసారి చాలన్నారు, ఇప్పుడు అదీ ఏడాదికోసారి చూడమంటున్నారు). మీ తమ్ముడికి షుగర్ తేలితే ఇంకా దగ్గర దగ్గరగా. నడుం బొడ్డు దగ్గర కొలవండి, ఊపిరి వదిలాక. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, మనవాళ్లు ప్యాంటు పొట్ట కింద కడతారు. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే మన లెక్కలో ఎక్కువే.

షుగర్ రిపోర్టు చేతికి వచ్చాక మానసిక డాక్టర్ దగ్గరికి ఈసారి మీరూ వెళ్లండి, ఒక రోజు సెలవు పెట్టైనా సరే. అక్కడ అడగాల్సినవి మూడు. ఒలాంజపిన్ బదులు ఒళ్లు అంత పెంచని మందుకి నెమ్మదిగా మారే వీలుందా అన్నది మొదటిది. ఆయన వద్దంటే ఎందుకు వద్దో అడగండి, ఎందుకంటే ఆరేళ్ల కిందటి రోజులు మళ్లీ వస్తాయన్న భయం ఆయనకి ఉంటుంది, అది న్యాయమైన భయమే. మార్చినా పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ వారాల తరబడి మారుస్తారు, ఆ రోజుల్లో అతని నిద్రని, అనుమానాలని ఇంట్లో ఒకరు గమనిస్తూ ఉండాలి. రెండోది మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర. షుగర్ తేలితే ఎలాగూ ఇస్తారు, ఇంకా షుగర్ రాకుండా ఒళ్లు మాత్రమే పెరుగుతున్నవాళ్లకి కూడా ఈ మందులతో పాటు దాన్ని ఇస్తున్నారు, పరిశోధనల్లో సగటున మూడు కిలోల దాకా తగ్గింది. మూడేనా అనకండి, పెరిగేది ఆగుతుంది, అది ఇంకా ముఖ్యం. అన్నంతో పాటే వెయ్యాలి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. కిడ్నీ పరీక్ష ముందు చేయించాలి, ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ కూడా చూపించాలి.

మూడోది ఆ వణుకు మాత్ర. మొదటి మందుకి వణుకు వచ్చిందని ఇచ్చిన ట్రైహెక్సీఫెనిడిల్, ఆ మందు పోయినా ఆరేళ్లుగా చీటీలో అలాగే వస్తోంది. చాలామంది చీటీల్లో ఇంతే, ఒకసారి ఎక్కిన మాత్ర దిగదు. ఒలాంజపిన్‌తో ఆ వణుకు అంతగా రాదు. దీని వల్ల నోరు ఎండుతుంది, చూపు మసకేస్తుంది, మలబద్ధకం వస్తుంది, మతిమరుపు కూడా పెరుగుతుంది. నోరు ఎండితే కూల్‌డ్రింకు తాగుతాడు, దాంతో పళ్లు పోతాయి, షుగర్ ఇంకా పెరుగుతుంది. ఇంకా అవసరమా, నెమ్మదిగా తగ్గించవచ్చా అని అడగండి. ఇది కూడా మీకు మీరుగా ఒక్కసారి ఆపొద్దు.

బీడీల సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మంచి పని చెయ్యబోయి దెబ్బతిన్న ఇళ్లు ఉన్నాయి. బీడీ, సిగరెట్, చుట్ట, ఏదైనా సరే, ఆ పొగలో ఉండే పదార్థాలు లివర్‌లో ఒక ఎంజైమ్‌ని రెచ్చగొడతాయి, ఆ ఎంజైమ్ ఒలాంజపిన్‌నీ క్లోజపిన్‌నీ తొందరగా కరిగించేస్తుంది. అంటే రోజుకి రెండు కట్టలు తాగే మనిషికి డాక్టరు ఇచ్చిన 15 మిల్లీగ్రాముల్లో పని చేసేది తక్కువ. ఇప్పుడు అమ్మగారు షుగర్ వచ్చిందన్న భయంతో ఒక్కరోజులో బీడీలన్నీ తీసి పొయ్యిలో పడేశారనుకోండి, వారం తిరిగేసరికి అదే 15 మిల్లీగ్రాములు రక్తంలో ఎక్కువైపోయి మనిషి రోజంతా మత్తుగా తూలుతూ ఉంటాడు. క్లోజపిన్ అయితే ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, వార్డులో బీడీ దొరకదు, మందు మాత్రం అదే మోతాదులో వేస్తారు, ఇంటికొచ్చి మళ్లీ బీడీ వెలిగిస్తే మందు చాలక జబ్బు తిరగబెడుతుంది, ఎందుకు తిరగబెట్టిందో ఎవరికీ అర్థం కాదు. దీనికి కారణం పొగే, నికోటిన్ కాదు. కాబట్టి నికోటిన్ గమ్ బీడీలా మందుని కరిగించేయదు. గుట్కా, ఖైనీల్లో పొగ లేదు కదా అని అటు మళ్లించకండి, నోటి క్యాన్సర్‌తో మనవాళ్లు పడుతున్న అవస్థ చాలు.

మరి మానిపించొద్దా అంటే తప్పకుండా మానిపించాలి, గుండెకి బీడీకి మించిన శత్రువు లేదు. ముందు డాక్టర్‌కి చెప్పి, మోతాదు తగ్గించాల్సి వస్తుందేమో అడిగి, రోజుకి కొన్ని చొప్పున తగ్గిస్తూ వెళ్లాలి. పొగ మాన్పించే మాత్రలు మానసిక రోగులకి ప్రమాదమని ఒకప్పుడు భయపడేవారు. 2016లో వచ్చిన పెద్ద అధ్యయనంలో మానసిక జబ్బులు ఉన్నవాళ్లకీ వరెనిక్లిన్ అనే అలాంటి మాత్ర ఇచ్చి చూశారు, మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చినవాళ్లతో పోలిస్తే మానసిక ఇబ్బందులు చెప్పుకోదగ్గంత పెరగలేదు. డాక్టర్ పర్యవేక్షణలో వాడొచ్చు. పొగాకు మానాలనుకునేవాళ్లకి కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోన్ నంబరు కూడా ఉంది, 1800 11 2356.

తిండి గురించి పొడుగ్గా రాయను. అమ్మ చేతి అన్నం మానిపించమని నేను చెప్పినా జరగదు. కొలతకి ఒక గిన్నె పెట్టుకుని అన్నం, దాని కంటే కాస్త పెద్ద గిన్నెతో కూర, పప్పు పెట్టమనండి. బిస్కెట్లు, మిక్చరు, కూల్‌డ్రింకులు అతనికి కనపడకుండా దాచడం కాదు, అసలు ఇంటికే తీసుకురావద్దు, ఎందుకంటే అంత ఆకలి వేసే మనిషి చేతికి దొరికేచోట పెట్టి తినొద్దు అనడం అన్యాయం. ఆకలి వేసినప్పుడు ఉడికించిన శనగలు, మజ్జిగ, కీరదోస దొరకాలి. టీలో చక్కెర తియ్యండి, మొదటి వారం గొడవ చేస్తాడు. నడక కోసం వాకింగ్ అనే పేరు వద్దు, ఒంటరిగా వెళ్లమంటే వెళ్లడు కూడా. సాయంత్రం పాల కేంద్రానికి పాలు తేవడం అతని పని చెయ్యండి, అది కాస్త దూరంలో ఉన్నదైతే మరీ మంచిది.

వేసవిలో ఇంకో జాగ్రత్త. ఈ మందులు, ముఖ్యంగా ఆ వణుకు మాత్ర, చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి, ఒళ్లు తన వేడిని తను దించుకోలేదు. మే నెల ఎండలో మామూలు మనుషులే పడిపోతారు, ఇతను రేకుల గదిలో తలుపులు వేసుకుని పడుకుంటే వడదెబ్బ చాలా తొందరగా తగులుతుంది. మధ్యాహ్నం గదిలోంచి బయటికి, గాలి వచ్చే చోటికి రప్పించండి. ఎప్పుడైనా సరే గట్టి జ్వరం వచ్చి ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయి మాట తడబడితే అది ఈ మందుల వల్ల అరుదుగా వచ్చే ప్రాణాంతక పరిస్థితి కావచ్చు, పారాసెటమాల్ వేసి చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

ముందు ముందు ఎప్పుడైనా క్లోజపిన్‌కి మారిస్తే రక్తకణాల పరీక్ష మొదట్లో వారం వారం తప్పదు, అది అందరూ చెబుతారు. చెప్పనిది మలబద్ధకం. మూడు రోజులు విరేచనం కాకపోతే మామూలుగా మనం అరటిపండు పెట్టి ఊరుకుంటాం, క్లోజపిన్ వాడే మనిషికి పేగు పూర్తిగా ఆగిపోయి ప్రాణం మీదికి రావొచ్చు. సిగ్గుపడి చెప్పరు, కాబట్టి అడగాలి.

ఇక వెళ్లే చోటు. షుగర్, బీపీ మందులు మీ పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. ముప్పై దాటినవాళ్లందరికీ ఇంటింటికీ వచ్చి షుగర్, బీపీ చూసే కార్యక్రమం కూడా ఉంది, మీ తమ్ముడికి 31, మరి అతన్ని ఎందుకు చూడలేదో ఊహించగలను. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు అతను లోపల గదిలో ఉంటాడు, "వాడికి బాగోదులే" అని అమ్మగారు గుమ్మంలోనే చెప్పి పంపేసి ఉంటారు. ఈసారి పిలవమనండి. ఎవరైనా అతని జబ్బు పేరు చూసి వెనక్కి పంపాలని చూస్తే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ అని ఒక్క మాట అనండి. మానసిక జబ్బు ఉన్నవాళ్లని వైద్యంలో మిగతా రోగులతో సమానంగా చూడాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీలు మానసిక జబ్బులకీ మిగతా జబ్బుల్లాగే పాలసీ ఇవ్వాలన్నదీ అందులోదే. రాత్రిపూట అమ్మగారికి ఏం చెయ్యాలో తోచనప్పుడు టెలీ మానస్ అనే ప్రభుత్వపు మానసిక సహాయ ఫోన్ లైన్ ఉంది, 14416, తెలుగులోనే మాట్లాడతారు.

చివరిగా ఒక మాట అడగాలి, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అమ్మ ఏమందో ఉంది, ఊరి డాక్టరు ఏమన్నాడో ఉంది, మీ భయం ఉంది. మీ తమ్ముడు ఏమంటున్నాడో మాత్రం ఒక్క ముక్కే ఉంది, అరికాళ్లు మంటలు అన్నాడని. ఆ ఒక్క ముక్కా నిజమే అయ్యుంటుంది. అందరి కంటే ముందు తన ఒంట్లో తేడా కనిపెట్టింది అతనే కదా. కాబట్టి రేపు రక్తం తీయించేటప్పుడు ఏదో అబద్ధం చెప్పి తీసుకెళ్లొద్దు. ఒకప్పుడు నిఘా పెట్టారని భయపడ్డ మనిషి, ఎందుకో చెప్పకుండా సూది గుచ్చితే ఆరేళ్లు కష్టపడి కట్టిన నమ్మకం పోతుంది. మాత్రలు సాంబారులో కలిపి పెట్టే అలవాటు ఇంట్లో ఉంటే అదీ మానండి. "నువ్వు కాళ్లు మంటలన్నావు కదరా, అది షుగర్ వల్లేమో చూద్దాం, నేను ఫోన్లో ఉంటాను" అని మీరే చెప్పండి, అక్క మాట వింటాడు అనుకుంటాను. రిపోర్టు అతని చేతికే ఇవ్వండి.

నంబర్లు వచ్చాక నాకు రాయండి. వీలైతే ఆ ఉత్తరం అతన్నే రాయమనండి, రెండు లైన్లైనా చాలు. ఆ టేపుతో అమ్మగారి నడుం కూడా కొలవండి, ఇంట్లో ఒకరికి షుగర్ ఉంటే మిగతావాళ్లకీ ముప్పు ఎక్కువే.